గోడ మీద వింటి నీడ

నా మొదటి విల్లు పదకొండోసారి లాగినప్పుడు విరిగింది. పెటేలుమని చప్పుడు. పై ముక్క ఎగిరి చూరులో గుచ్చుకుంది, కింది ముక్క నా పిడికిట్లోనే ఉండిపోయింది. పొయ్యి దగ్గరున్న తాత లేవను కూడా లేవలేదు. "పోనీ బాబూ, కన్ను పోనేదు కదా" అని చుట్ట ముట్టించుకున్నాడు.

తప్పు పూర్తిగా నాదే. అదేమిటో చెప్పాలంటే ముందు ఆయన పని చెప్పాలి.

మాది విశాఖ ఉక్కునగరం. ఉక్కును లాగి తెంపడం నా ఉద్యోగం. కడ్డీ ముక్కను యంత్రం దవడల మధ్య బిగించి, ఎంత బరువుకి సాగింది, ఎక్కడ నడుం సన్నబడింది, ఎప్పుడు తెగింది అని రాసుకుంటాం. తెగితే గాని దాని సంగతి మాకు తేలదు. అరకు అవతల, కొత్తవలస–కిరండూల్ రైలు కట్ట కనిపించే ఊళ్లో తాత చేసేదీ ఒకరకంగా ఆ పరీక్షే. కాకపోతే ఆయన చేతిలో ఉన్నది తెగకూడదు. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో వేసిన లైను అది. ఇప్పటికీ రాయి నింపుకున్న గూడ్సులు దిగుతూనే ఉంటాయి. అవి వెళ్తుంటే తాత ఇంటి మట్టిగోడ సన్నగా అదురుతుంది. ఈ అదురుకి ఆయన పనిలో ఒక వాటా ఉంది. అక్కడికి వస్తాను.

విల్లుకి మన్యంలో కర్రలకు కొదవలేదు. చరచి చెట్టు ఉంది. వంగి లేచే గుణం వల్ల గొడ్డలి కామలకీ, కావడి బద్దలకీ దాన్ని వాడతారు. సంస్కృతంలో దానికి ధన్వనం అని పేరు, ధనుస్సు అందులోనే ఉంది. తాత మాత్రం వెదురు పొదలోకి దిగాడు. అదీ సాధనం వెదురు. మిగతా వెదుళ్లలా డొల్లగా ఉండదు, కండ పట్టి ఉంటుంది. పేరు పెట్టిన పూర్వీకుడు పనివాడే అయివుండాలి.

గెడను ఎంచడానికే ఒక పూట పట్టింది. లేత గెడ మీద తెల్లటి పొడిలాంటి పూత ఉంటుంది. అది చక్కగా వంగుతుంది గాని వంగినచోటే ఉండిపోతుంది. మూడు నాలుగు వానలు చూసిన గెడ కావాలి. మచ్చలు పడి, కత్తి వీపుతో తడితే గట్టిగా పలికేది. అమావాస్య దగ్గర్లో నరికితే పురుగు పట్టదని తాత నమ్మకం. చంద్రుణ్ని పక్కన పెట్టినా, పురుగు వచ్చేది వెదుర్లోని పిండి కోసం, ఆ పిండి కాలాన్ని బట్టి పెరిగి తరుగుతుంది. కాబట్టి ఎప్పుడు నరకాలన్న పట్టింపు ఉత్తిది కాదు. నరికి, నిలువునా చీల్చి, పొయ్యి మీది అటకెక్కించాడు. మూడు నెలలు పొగ తిన్నాక రమ్మన్నాడు.

వెళ్లేసరికి బద్ద తేనెరంగు తిరిగి ఉంది. నిలబడితే నేల నుంచి నా గడ్డం దాకా. నడుమ, పిడి దగ్గర మూడు వేళ్ల వెడల్పు, కొసలకు పోయేకొద్దీ చిటికెన వేలంత. కొసలను కొప్పులంటారు. కోసిన అంచును వెలుతురికి పెట్టి చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. తోలు వైపు ఆవాలు పోసినట్టు ఒత్తుగా, లోపలికి వచ్చేకొద్దీ ఎడం ఎడంగా. ఒక్కో చుక్కా ఒక్కో నారపోగు కట్ట. వింటిని వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. సాగుడికి ఓర్చేది నార. అందుకే తోలు వైపు గురికేసి, మెత్తటి కడుపు మనకేసి ఉంచుతాడు తాత. ఇంగ్లండు విలుకాండ్రు యూ చెట్టు దుంగలో ఇదే వెతికారు. తెల్లచెక్క బయటికి, చేవ లోపలికి వచ్చేలా ఒకే కర్రలోంచి చీల్చారు. 1545లో మునిగిపోతే 1982లో పైకి లేపిన మేరీ రోజ్ ఓడలో అలాంటి విళ్లు వందకు పైగా దొరికాయి. ఒకే కర్రలో రెండు గుణాలు దొరికే చోటు కోసం వాళ్లు దుంగను చూసి చూసి చీల్చాలి. వెదురు ఆ ఏర్పాటుతోనే పుడుతుంది.

ఇక గీకుడు. ముందు కత్తి, ఆ తర్వాత గాజు పెంకు. కత్తిని కోయడానికి పట్టినట్టు కాక, నిట్టనిలువుగా నిలబెట్టి కడుపు వైపు మీదికి లాగుతాడు. రాలేది పొట్టు కూడా కాదు, దూది. ఇంత సుతారం దేనికని మొదట విసుక్కున్నాను. తర్వాత లెక్క గుర్తొచ్చి సిగ్గేసింది. బద్ద వెడల్పులో పదో వంతు తీస్తే బిగువు పదో వంతే తగ్గుతుంది. మందంలో పదో వంతు తీస్తే నాలుగో వంతుకు పైగా పోతుంది. బిగువు మందానికి ఘనంగా నడుస్తుంది కదా. ఇంజనీరింగు కాలేజీలో పరీక్షకు రాసిన సూత్రాన్ని తాత బొటనవేలితో తడుముతున్నాడు.

నాలుగు గీతలు గీకి, బద్దను మోకాలికి ఆనించి ఇరవైసార్లు కొద్దికొద్దిగా వంచుతాడు. గీకిన సంగతి బద్దకు తెలియడానికి ఆ మాత్రం వ్యవధి కావాలట. అప్పుడు వాకిట్లో ఎండకు నిలబడి, పిడిని కాలికింద తొక్కి, కొప్పులు రెండూ పైకి లాగి, విల్లును చూడడు. గోడ మీద దాని నీడను చూస్తాడు. బద్దలో కణుపులుంటాయి, రంగు తేడాలుంటాయి, కన్ను వాటి వెంట పోతుంది. నీడలో అవేవీ ఉండవు, వంపొక్కటే మిగులుతుంది. నున్నగా తిరిగిన నీడలో ఎక్కడో జానెడు మేర తిన్నగా ఉంటుంది. అక్కడ బద్ద వంగనని మొండికేసింది. "ఇదిగో, ఇక్కడ నిద్రోతంది" అని బొగ్గుతో గీత పెడతాడు. గీత ఉన్నచోటే గీకాలి. వంగేచోట పొరపాటున గీకామా, పని అంతా ఆ చోటి మీద పడి అక్కడే కూలబడుతుంది. గూడ్సు వచ్చిందంటే గోడా నీడా కలిసి అదురుతాయి. అప్పుడు విల్లును వదులు చేసి, చివరి పెట్టె దాటేదాకా ఆగుతాడు. ఒకరోజు నేను పెట్టెలు లెక్కపెట్టాను. ఆయన పెట్టలేదు, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు నా తప్పు. తోలు వైపు కణుపుల దగ్గర చిన్న చిన్న మెట్టలుంటాయి. నా వృత్తిలో గీత, గాటు, బుడిపె ఏదున్నా శత్రువే. చీలిక మొదలయ్యేది అక్కడే గనక నమూనాను అద్దంలా నునుపు చేస్తాం. తాత సంతకు వెళ్లిన రోజున ఆకురాయితో ఆ మెట్టలన్నీ చదును చేసి, మురిసిపోయాను. ఉక్కుకైతే మేలు చేసినవాణ్నే. వెదుర్లో పోగులు కణుపు మెట్టతోపాటు పైకెక్కి దిగుతాయి. మెట్టను రాస్తే వాటి నడుములు తెగుతాయి. విరిగిన ముక్క అంచు చూస్తే ఎంత శుభ్రంగా ఉందో! సరిగ్గా నేను నున్నగా చేసిన మూడో కణుపు దగ్గర.

తాత ఆ అంచును చూసి అన్నది ఒకటే మాట. "కడుపు నీది, గీక్కో. ఈపు దానిది, ఒగ్గీ."

రెండో విల్లు వీపును నేను తాకలేదు. నారి కూడా వెదురే, తోలు వైపు నుంచి తీసిన సన్నటి ఈనె. అది సాగదు, అందుకే తాడు కంటే చురుగ్గా కొడుతుంది. ఒక కొప్పుకి నారతో శాశ్వతంగా కట్టేసి, రెండో కొస ఉచ్చును వంచినప్పుడు మాత్రమే గాట్లోకి తొడుగుతారు. ఎక్కుపెట్టడమంటే అసలు ఇది. మనం పత్రికల్లో బాణాలూ విమర్శలూ ప్రశ్నలూ ఎక్కుపెడుతుంటాం గాని, నిజానికి ఎక్కేది నారి. బాణాన్ని సంధిస్తారు. ఎక్కుపెట్టాక పిడి మీద పిడికిలి ఆనించి, బొటనవేలు నిలబెట్టి, ఆ వేలి కొనకు నారి తగిలితే చాలన్నాడు.

ఇంతా చేస్తే అది చూడ్డానికి గెడకర్ర. కొసలు వెనక్కి తిరిగి, నడుమ మెలిక పడిన క్యాలెండరు రాముడి విల్లులా అస్సలుండదు. నేను చూసిన అల్లూరి విగ్రహాల్లో చాలావాటికి శిల్పులు ఆ క్యాలెండరు విల్లునే తొడిగారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన అల్లూరి వెంటి మన్యం మనుషులు పట్టిన విళ్లు ఈ తీరువే అయివుంటాయి గాని ఆ మెలికలవి కావు. విగ్రహాలకు అందం కావాలి, ఒప్పుకుంటాను. అయినా తాత నీడను చూశాక ఆ మెలికలు కంటికి ఆనడం లేదు.

విల్లు ఇప్పుడు ఊళ్లో ఏడాదికోసారి కిందికి దిగుతుంది, ఇటుకల పండగకి. ఆ పండగ వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన వేటగాళ్లను ఆడవాళ్లు పేడతో కొట్టేవారని 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖ జిల్లా గెజిటీరులోనూ ఉంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. తాత ఊళ్లో అరటి బోదెను పాతి కొడతారు. పోయిన చైత్రంలో నేనూ కొట్టాను, మూడింట్లో ఒకటి తగిలింది. మరదలి వరసైన పిల్లలు పేడకు బదులు పసుపునీళ్లు పోసి సరిపెట్టారు. అంబు వదిలిన మరుక్షణం తాత నా చేతిలోంచి విల్లు లాక్కుని నారి దింపేశాడు. ఎక్కించి ఉంచితే బద్దకు వంపు అలవాటైపోతుంది. దింపాక పిడి దగ్గర పట్టి నేల మీద పెట్టి చూశాడు. కొప్పులు నేల నుంచి వేలెడు కూడా లేవలేదు. "పరవానేదు" అన్నాడు. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర ఉండదని ఊరంతా చెప్పింది.

విల్లును ఉక్కునగరం తెచ్చుకుని హాల్లో మేకుకి తగిలించాను. వానాకాలంలో తాత ఫోన్ చేశాడు. సముద్రపు గాలికి బద్ద చెమ్మ పట్టేస్తుందని ఆయన బెంగ.

"అటకెక్కించేవా బాబూ? పొయ్యి మీద?"

"మాది గ్యాసు పొయ్యి తాతా. పొగ రాదు."

అటువైపు కాసేపు మాట లేదు. గూడ్సు పోతున్న చప్పుడు మాత్రం వినపడింది. అది దాటాక అన్నాడు: "అయితే ఇటు అంపీ. దసరాకొచ్చి పట్టుకెళ్దూగాని."