పశుపోషణ రచనల్లో తెలుగు పరిభాష: ‘కొవ్వు’ కప్పేసిన భేదాలు

1. ప్రవేశిక

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు కృష్ణా పశ్చిమ డెల్టాలోనివి. వరి పండే ఈ నేలలో గేదెకు వరిగడ్డి మేత. బియ్యపు మిల్లు నుంచి వచ్చే తవుడు దాణా. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతానికి మించవు కనుక అనుబంధ పోషకాలు అవసరమవుతాయి. వాటిని గురించిన తెలుగు రచనల్లో తరచు కనిపించే మూడు మాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాలకు వెన్నశాతాన్ని బట్టి ధర కట్టే చోట పరిభాషలోని అస్పష్టత రైతు రాబడినీ తాకుతుంది.

2. కొవ్వు

ఇంటి వాడుకలో తవుడులో ఉండేది నూనె, ఒంటికి పట్టేది కొవ్వు, పాలలో ఉండేది వెన్న. శాస్త్రరచన ఈ మూడింటినీ ‘కొవ్వు’ అనే ఒక్క మాట కిందికి తెచ్చింది. రసాయనికంగా మూడూ ఒకే కుటుంబానివి కనుక ఇది తప్పు కాదు. కాని పాలలో కొవ్వు పెరగాలంటే మేతలో కొవ్వు పెంచాలన్న అన్వయం ఈ ఏకపదం వల్ల సహజంగా తోస్తుంది.

వాస్తవంలో జరిగేది వేరు. నూనె తీయని తవుడులో సుమారు 15 శాతం నూనె ఉంటుంది. మొత్తం మేతలోని ఎండు పదార్థంలో నూనె 6, 7 శాతం దాటితే రూమెన్ అనే పెద్దపొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. పీచు పులిసినప్పుడు పుట్టే అసిటిక్ ఆమ్లం వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు, అది తగ్గుతుంది. అసంతృప్త నూనెలు పెద్దపొట్టలో మార్పు చెందేటప్పుడు పుట్టే కొన్ని కొవ్వు ఆమ్లాలు పొదుగులో వెన్న తయారీని అణచగలవు కూడా. ‘కొవ్వు ఎక్కువై కొవ్వు తగ్గింది’ అంటే పాఠకుడు తికమకపడతాడు. ‘నూనె ఎక్కువై వెన్న తగ్గింది’ అంటే కార్యకారణ సంబంధం వాక్యంలోనే తెలుస్తుంది. పెద్దపొట్టలో విడిపోకుండా ముందుకు సాగేలా కాల్షియంతో కలిపి చేసే ‘బైపాస్ ఫ్యాట్’ అవసరం ఏమిటో అప్పుడే బోధపడుతుంది.

3. అనామ్లజనకం

యాంటీ ఆక్సిడెంటుకు ‘అనామ్లజనకం’ అనే అనువాదం వాడుకలో ఉంది. ఆమ్లజని అంటే ఆక్సిజన్ అని తెలిసినవారికే ఈ పదం అర్థమవుతుంది. తెలియనివారు దీన్ని ‘ఆమ్లం పుట్టనివ్వనిది’ అని అన్వయించుకుంటారు. పెద్దపొట్టలో పులుపు పెరిగినప్పుడు ఇచ్చే తినే సోడా పని వేరు. కణాలను ఆక్సీకరణ నుంచి కాపాడే విటమిన్ ఇ, సెలీనియంల పని వేరు. ఈ రెండూ కలగాపులగమైతే పశువుకు అందవలసింది అందదు.

తవుడులో ఒరిజనాల్, విటమిన్ ఇ వర్గపు పదార్థాలు సహజంగా ఉన్నాయి. అయినా బియ్యం మర పట్టగానే తవుడులోని లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. ఆపై గాలి సోకి ఆక్సీకరణ సాగుతుంది. పాతబడిన తవుడును వాసన చూసి ‘ముక్కిపోయింది’ అంటారు. అయితే ఈ దేశ్యపదం నూనె చెడటాన్నీ తేమకు బూజు పట్టడాన్నీ వేరుచేయదు. ఇక్కడ శాస్త్రపదమే అవసరం. వాడుక మాట ప్రతిచోటా చాలుతుందని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

4. పేగు ఆరోగ్యం

కోళ్ల మేతను గురించి రాసేటప్పుడు ఈ మాట సరిపోతుంది. కోడికి ఇచ్చే ప్రోబయాటిక్ ప్రధానంగా పేగులో పనిచేస్తుంది. గేదెకు ఇచ్చే ఈస్టు ముఖ్యంగా పెద్దపొట్టలో పనిచేసి పీచు అరగడానికి తోడ్పడుతుంది. రెండింటికీ ఒకే మాట వాడితే నెమరువేసే జీవికీ, వేయని జీవికీ గల మౌలిక భేదం చెరిగిపోతుంది. కోడిలో కనిపించిన ఫలితాన్ని గేదెకు అన్వయించే పొరపాటుకు అది దారి తీస్తుంది.

5. ముగింపు

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలనే స్వీకరించింది. వృత్తిపదాల్లోని సూక్ష్మభేదాలు శాస్త్రానికీ పనికివస్తాయని ఆ కృషి గుర్తుచేస్తుంది. పదార్థం ఏ అవయవంలో, ఏ జీవిలో పనిచేస్తుందో సూచించేదే పశుపోషణలో మంచి పరిభాష. నూనె, వెన్న, నెమరు వంటి పదాలు ఆ పని ఇప్పటికే చేస్తున్నాయి. వాటిని వదిలి ఒకే గొడుగు పదాన్ని ఎంచుకోవడం వల్ల శాస్త్రరచనకు గాంభీర్యం రావచ్చు గాని స్పష్టత రాదు.