పేరు మోయువారి మాట

ఒక సమాజమునకు పేరు నిర్ణయించునపుడు వాదము పుట్టక మానదు. ఆ వాదము శబ్దమును విడిచి మనుష్యులపై బడినచో సభ చెడును. 1917లో బెజవాడలో కూడిన పంచమ మహాజనుల సభను మేమిచ్చట స్మరించుచున్నాము. అధ్యక్షులు భాగ్యరెడ్డివర్మగారు 'పంచమ' శబ్దమునకు శాస్త్రాధారము లేదనియు, తమవారు ఈ దేశపు తొలి ప్రజలనియు వాదించిరి. మనుస్మృతి సయితము ఐదవ వర్ణము లేదనియే చెప్పుచున్నది. సభవారు 'ఆది ఆంధ్ర' నామమును గైకొనిరి.

ఈ పేరునందలి ఔచిత్యమును గమనింపవలెను. 'ఆది' శబ్దము సమాసాంతమున నున్నచో 'మున్నగువారు' అని యర్థము. మొదట నున్నచో 'తొలివారు' అని. అంతవరకు కడపట లెక్కింపబడినవారు మొదట నిలిచిరి.

1930ల దశకమున గాంధీమహాత్ముడు ప్రచారమునకు దెచ్చిన 'హరిజన' శబ్దము ప్రేమతో బలుకబడినదే. అయినను అంబేద్కరుగారు దాని నంగీకరింపలేదు. ఆ నిరాకరణమును కృతఘ్నత యనుట మర్యాద కాదు. మా యభిప్రాయమున సభామర్యాద యనగా నొచ్చినవాని నోరు మూయించుట కాదు. శబ్దమును ఎంత కఠినముగా నైనను పరీక్షింపవచ్చును; పలికినవానిని నిందింపరాదు. తుదినిర్ణయము మాత్రము ఆ పేరుతో బిలువబడువారిదే.