రెడ్ లేక్ మంచు కింద వాల్‌ఐ

అమెరికాలోని మినియాపొలిస్ నుంచి ఉత్తరానికి కారులో నాలుగైదు గంటలు వెళితే అప్పర్ రెడ్ లేక్ వస్తుంది. అవతలి ఒడ్డు కంటికి ఆననంత పెద్ద సరస్సు. లోతు మాత్రం చాలాచోట్ల మూడు నాలుగు మీటర్లే. అందుకే మిన్నెసోటాలోని పెద్ద సరస్సుల్లో ముందుగా గడ్డకట్టేవాటిలో ఇదొకటి. చలి బాగా పడిన ఏడాది నవంబరు చివరికే జనం వాల్‌ఐ అనే చేప కోసం గాలాలు పట్టుకుని దీని మీదికి నడుస్తారు. తాతలు మనవలకు దగ్గరుండి నేర్పే విద్య ఇది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లలోనూ చలికాలం రాగానే సరస్సు దారి పట్టేవాళ్లున్నారు. కొత్తగా వెళ్లేవాళ్లు మాత్రం గైడ్‌ను వెంటపెట్టుకునే వెళ్లాలి. చేపల జాడ కన్నా ముందు మంచు సంగతి తెలిసిన మనిషి కావాలి.

మంచి గైడ్ గడ్డపారతో ముందు నడుస్తాడు. నాలుగడుగులకోసారి బలంగా ఒక పోటు వేస్తాడు. ఒక్క పోటుకే నీళ్లు చిమ్మితే అందరూ వెనక్కి తిరగాల్సిందే. గడ్డపార దిగకపోతే బర్మాతో రంధ్రం వేసి, కొస వంచిన కొలబద్దను లోపలికి దించి, మంచు అడుగు అంచుకు తగిలించి మందం చూస్తాడు. మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7, చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు ఉండాలని ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. ఈ లెక్క తేటగా, గట్టిగా ఉన్న కొత్త మంచుకే. పైన కురిసిన హిమం తడిసి గడ్డకట్టిన తెల్ల మంచుకు అందులో సగం బలమే ఉంటుంది కనుక మందం రెట్టింపు కావాలి. వాగు వచ్చి కలిసే చోట, మంచు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని పైకి లేచిన చోట ఏ లెక్కా పనికిరాదు. చలి హెచ్చుతగ్గులకు మంచు బీటలు వారుతూ ఉరిమినట్టు మోగుతుంది. కొత్తవాళ్లకు గుండె జారుతుంది గానీ, ఆ మోత వినగానే పరుగెత్తాల్సిన పనిలేదు.

భయపడాల్సింది గాలికి. 2022 నవంబరు చివర్లో ఇదే సరస్సు మీద ఒక పెద్ద మంచు పలక ఒడ్డు నుంచి విడిపోయి, సుమారు 200 మందితో నీళ్లలోకి కొట్టుకుపోయింది. 2023 డిసెంబరు 29న మళ్లీ అదే జరిగింది. 122 మందిని రక్షించి ఒడ్డుకు చేర్చారు. కాళ్ల కింద మంచు మనుషుల్ని మోసేంత మందంగా ఉన్నా, ఆవల ఇంకా గడ్డకట్టని నీళ్లుండి ఒడ్డు వైపు నుంచి గాలి తిరిగితే పలక మొత్తం కదిలిపోగలదు. పొద్దున్నే గాలి దిక్కు చూసి “ఇవాళ వద్దండి, రేపు చూద్దాం” అనగలిగిన గైడే ఇచ్చిన డబ్బుకు తగినవాడని నా నమ్మకం.

నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడితే తేలికై పైకి చేరి అక్కడే గడ్డకడుతుంది. అడుగున నీరు నీరుగానే ఉంటుంది కాబట్టే చేప బతుకుతుంది. అయితే ఆ చలిలో దానికి ఆకలి తక్కువ, కదలిక తక్కువ. ఎరను తరుముకుంటూ రాదు, వచ్చినా గట్టిగా పట్టదు. చలికాలపు పనిముట్లన్నీ ఈ ఒక్క గుణాన్ని బట్టే తయారయ్యాయి: రెండడుగుల కర్ర, వేలు తగిలితే వంగే కొస, సన్నటి నైలాన్ దారం, వేలెడు కూడా లేని లోహపు ఎర.

ఎనిమిది లేక పది అంగుళాల వెడల్పున రంధ్రం వేస్తారు. బర్మా మంచు అడుగు దాటగానే నీళ్లు బుసబుసమని పైకి పొంగి, తరిగిన మంచును గుజ్జుగా చుట్టూ పరుస్తాయి. మిగిలినదాన్ని చిల్లుల గరిటెతో తోడేసి, సోనార్ పెట్టె మొనను నీళ్లలోకి దించుతారు. గుండ్రటి తెర మీద సరస్సు అడుగు లావుపాటి ఎర్ర పట్టీగా, మన ఎర దానికి కాస్త పైన సన్నటి గీతగా కనిపిస్తాయి. ఎరకు మిన్నో అనే చిన్న చేప తల గుచ్చి, అడుగెత్తు లేపి వదులుతారు. మళ్లీ లేపి వదిలి, ఆపేసి, కొసను మాత్రం వణికిస్తారు. అడుగు పట్టీ నుంచి మరో గీత విడివడి పైకి వస్తే అది చేప. అప్పుడు ఎరను నెమ్మదిగా పైకి లేపాలి. పారిపోతున్నదనుకుని అది వెంట పడుతుంది. చాలామంది ఇక్కడే ఆత్రపడి చెడగొట్టుకుంటారు. వాల్‌ఐ పట్టినప్పుడు కుదుపు ఉండకపోవచ్చు. కొస కాస్త బరువెక్కినట్టుంటుంది, అంతే. ఆ క్షణంలో మణికట్టు విదిలించాలి.

చలికాలంలో మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు. రెండో రంధ్రంలో బెండు కింద బతికున్న మిన్నోను వదిలేస్తారు. వాల్‌ఐ కంటిలో వెలుతురును వెనక్కి తిప్పే పొర ఉంటుంది. మసక వెలుగులో మిన్నోకు కనబడనిది దానికి కనబడుతుంది. పొద్దువాలే వేళకు గాలం నీళ్లలో ఉండాలనడం అందుకే. మంచు మీద వేసుకున్న గుడిసెలో గ్యాస్ పొయ్యి ఎంత హాయిగా ఉన్నా గాలి దారి మూయకూడదు. పొయ్యి నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంత నేర్పూ ఒకప్పుడు ఇక్కడ వృథా అయ్యేది, ఎందుకంటే పట్టడానికి వాల్‌ఐలే మిగల్లేదు. తూర్పు వైపు కొంత భాగం తప్ప ఈ సరస్సూ, దీన్ని ఆనుకుని ఉన్న దిగువ సరస్సూ రెడ్ లేక్ ఓజిబ్వే తెగవారివి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మొదలైన వలల వ్యాపారం, దానికి తోడు గాలాల వేట, దొంగ వేట కలిసి 1990ల నడుమకు చేపను అడుగంటించాయి. 1997లో తెగవారు తమ వలల్ని తామే ఆపుకున్నారు. అది వాళ్ల జీవనాధారమని గుర్తుంచుకోవాలి. 1999లో రాష్ట్ర ప్రభుత్వంతో, కేంద్రంతో ఒప్పందం కుదిరి వాల్‌ఐ వేట మొత్తం నిలిచింది. అప్పటి నుంచి ఏడాది విడిచి ఏడాది మూడుసార్లు కోట్ల సంఖ్యలో చేపపిల్లల్ని వదిలారు. 2006లో గాని వాల్‌ఐకి మళ్లీ గాలం పడలేదు.

ఇప్పుడు మంచు మీద గైడ్ ప్రతి వాల్‌ఐనీ కొలబద్ద మీద పెడతాడు. ఈమధ్యకాలపు నిబంధనల ప్రకారం 17 అంగుళాలు దాటినవాటిలో ఒక్కటే ఉంచుకోవచ్చు. పెద్దవి ఎక్కువగా గుడ్లు పెట్టే ఆడచేపలు కాబట్టి, చాలామంది గైడ్లు ఆ ఒక్కటీ వదిలేయమనే అడుగుతారు. తినడానికి పదిహేను అంగుళాలదే రుచి. దాని మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది, పులుసులో ఎక్కువసేపు మరిగితే విడిపోతుంది. ఉప్పు, కారం, బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేయించుకోవడమే మేలు.