నుదుట తూటా రంధ్రం

ఆదివాసీ కళాప్రదర్శన అనగానే మనకు కనిపించేది ఏమిటి? ఆగస్టు 9న వేదిక మీద థింసా, గోడకు తగిలించిన సవర బొమ్మ, పక్కన నాలుగు వెదురు బుట్టలు. వచ్చినవాళ్లు బాగుందంటారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. పోడు సంగతి, ప్రాజెక్టు కింద మునిగే ఊళ్ల సంగతి ఆ హాలులోకి రానే రావు. అందుకే నార్వేలోని సామీ కళాకారిణి మారెత్ ఆన్నె సారా చేసిన పని గురించి మన పిల్లలకు చెప్పాలనుకున్నాం.

సామీలు ఉత్తర యూరప్ ఆదివాసులు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా సరిహద్దులు వాళ్ల నేలను నాలుగు ముక్కలు చేశాయి. రెయిన్‌డీర్ మందలను కాచుకుని బతికే కుటుంబాలు వాళ్లలో ఉన్నాయి. మేత నేల పాడవుతోంది, మందలు తగ్గించండి అంది నార్వే ప్రభుత్వం. సారా తమ్ముడిది అసలే చిన్న మంద. దాన్ని 75కు దించమన్నారు. అంత కొద్ది జంతువులతో బతుకు సాగదని అతను కోర్టుకెక్కాడు. పెద్ద మందకూ చిన్న మందకూ ఒకే లెక్కన కోత వేస్తే మునిగేది ఎవరో మనకు వేరే చెప్పాలా!

2016లో కేసు విచారణకు వచ్చినప్పుడు సారా ఆ కోర్టు ముందు 200 రెయిన్‌డీర్ తలలు కుప్ప పోసింది. 2017 డిసెంబరులో కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి ఓస్లోలో పార్లమెంటు ఎదుట 400 పుర్రెలను తెరలా వేలాడదీసింది. పుర్రె నుదుట తూటా రంధ్రం. పేరు 'పైల్ ఓ సాప్మి'. కెనడాలో ఇప్పటి రెజైనా నగరం ఉన్నచోట ఒకప్పుడు బైసన్ ఎముకల గుట్టలుండేవి. ఆ చోటును 'పైల్ ఓ బోన్స్' అనేవారు. పేరు అక్కడి నుంచి తెచ్చుకుంది.

ఈ పనిలో మాకు నచ్చింది అది నిలబడిన చోటు. తీర్పు చెప్పేవాళ్లు, చట్టం చేసేవాళ్లు నడిచే దారిలో పెట్టింది. తన జాతి ఎంత అందమైనదో చూపించలేదు. ఏం జరుగుతోందో చూపింది. అయినా తెర చూడటానికి అందంగానే ఉంటుంది. దగ్గరికి వెళ్తేనే రంధ్రం కనిపిస్తుంది.

కింది రెండు కోర్టుల్లో గెలిచిన తమ్ముడు సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆ తెరను మాత్రం ఓస్లో నేషనల్ మ్యూజియం కొనుక్కుంది. 2022లో కొత్త భవనం తెరిచినప్పుడు ప్రవేశం దగ్గరే పెట్టింది. మంద కోయమన్నదీ ప్రభుత్వమే, పుర్రెలు కొన్నదీ ప్రభుత్వ మ్యూజియమే! మాలో కొందరు దీన్ని గెలుపు అన్నారు. మేం అంత దూరం పోలేం. పార్లమెంటు ముందు అది నిలదీత. మ్యూజియంలో అది సాక్ష్యం. సాక్ష్యం కూడా అవసరమే, బడిపిల్లలు దాని ముందు నుంచి నడుస్తారు. కానీ రెండూ ఒకటి కావు.

అదే 2022లో వెనిస్ బినాలెలో నార్డిక్ దేశాల పెవిలియన్ 'సామీ పెవిలియన్' అయింది. సారాతో పాటు అక్కడ పాల్గొన్న పౌలీనా ఫియోదరోఫ్ ఇంకో అడుగు వేసింది. కొనేవాళ్లకు ఆమె బొమ్మ అమ్మలేదు, తమ నేలను వచ్చి చూసే హక్కు అమ్మింది. ఆ డబ్బు అడవిని నరికివేత నుంచి కాపాడటానికి. ఇక్కడ సవర బొమ్మ ఇంటి గోడ మీద పితరుల కోసం పుట్టింది. ఇప్పుడది చేతిసంచి మీద అమ్ముడవుతోంది. గీసినవారి ఊరి పేరు కూడా ఆ సంచి మీద చాలాసార్లు కనిపించదు.