కోకిల ఏ తేదీన కూసింది?

రిటైరైన దంపతుల ఇళ్లలో మూడు రకాల ముచ్చట్లు ఎప్పుడూ నడుస్తుంటాయి. మనవరాలి అన్నప్రాశన, షష్టిపూర్తి, తోడల్లుడి గృహప్రవేశం వంటివి ఒకటి. రెండు రోజుల్లో తిరిగొచ్చే అన్నవరం, అరకు ప్రయాణాలు ఇంకొకటి. పెరట్లో పిగిలిపిట్ట గూడు కట్టడం, కరివేపాకు మొక్కకు పురుగు పట్టడం, గోడ మీద ముంగిస కనబడటం మూడోది. మొదటి రెండింటికీ ఫోన్లో ఫొటోలు మిగులుతాయి. మూడోది కాఫీ తాగుతూ చెప్పుకొని వదిలేసే సంగతి. ఈ మూడూ ఒకే నోటుబుక్కులో, తేదీ వేసి, రోజుకో వాక్యం చొప్పున ఎక్కాలని నేనంటాను. కాలక్షేపం కోసం కాదు. ఇంగ్లీషు తేదీ పక్కన లేని పెరటి జ్ఞాపకం రెండేళ్లు తిరిగేసరికి తప్పుడు సాక్ష్యమైపోతుంది.

మనం ప్రకృతిని పండగలతో గుర్తుపెట్టుకుంటాం. చిక్కు అక్కడే వస్తుంది. ‘పోయినేడు ఉగాది నాటికే కోకిల కూసింది, ఈసారి ఇంకా నోరు విప్పలేదు’ అని ఎవరైనా అంటే వింటానికి బాగుంటుంది. కానీ ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. మధ్యలో పద్దెనిమిది రోజుల తేడా. రెండేళ్లూ కోకిల ఏప్రిల్ ఒకటినే గొంతు విప్పినా, ఒక ఏడు ఆలస్యంగానూ మరో ఏడు తొందరగానూ కూసినట్టు లెక్క తేలుతుంది. దసరా, దీపావళి, తిథి ప్రకారం చేసుకునే పుట్టినరోజులు అన్నిటిదీ ఇదే తంతు. సంక్రాంతి ఒక్కటే సూర్యుణ్ణి నమ్ముకుంది కాబట్టి జనవరి 14, 15 దాటి పోదు. పంచాంగం పాతబడిందని నేననడం లేదు. మన రైతు వానల లెక్కను తిథులకు అప్పజెప్పనే లేదు, కార్తెలకు అప్పజెప్పాడు. కార్తె అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అందుకే మృగశిర కార్తె ఏటా జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. పండగకు చంద్రుడు, పొలానికి సూర్యుడు అన్న విభజన మన పెద్దలకు తెలుసు. పెరటికీ పొలం లెక్కే పనికొస్తుంది.

ఇంటి మనుషులు రాసుకున్న మామూలు లెక్కకు ఎంత విలువుంటుందో ఇంగ్లండులో ఒక కుటుంబం చూపించింది. నార్‌ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో మొదలుపెట్టి, వసంతం వచ్చిందనడానికి 27 గుర్తులను ఏటా తేదీలతో రాశాడు. ఫలానా పువ్వు విచ్చిన రోజు, ఫలానా చెట్టు చిగిర్చిన రోజు, కప్పలు అరిచిన రోజు. ఆయన 1797లో పోయాక కూడా వారసులు ఆ పనిని 1958 దాకా లాక్కొచ్చారు. వాతావరణం వేడెక్కితే చెట్లు ఎన్ని రోజులు ముందుగా చిగురిస్తాయో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఆ పుస్తకాలనే తిరగేశారు. రాసినవాళ్లకు ఆ ఉద్దేశం బొత్తిగా లేదు. మన దగ్గర పిచ్చుకల సంగతే చూడండి. సెల్ టవర్ల వల్ల అంతరించిపోయాయని పెళ్లి భోజనాల దగ్గర అందరూ తీర్పు చెప్పేస్తారు. దేశమంతటా వేలమంది పక్షి ప్రేమికులు నమోదు చేసిన లెక్కలతో 2020లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక మాత్రం, పాతికేళ్లలో పిచ్చుకలు దేశం మొత్తం మీద దాదాపు నిలకడగా ఉన్నాయనీ, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లోనే తగ్గుతున్నాయనీ చెప్పింది. అంటే పిచ్చుకలు పోయాయనే నగరం దంపతులదీ, మా చూరులోనే ఉన్నాయనే పల్లె దంపతులదీ వాళ్ల వాళ్ల ఇంటి వరకు నిజమే. దేశం సంగతి తేలాలంటే ఇద్దరి పుస్తకాలూ కావాలి.

ఫోన్ ఫొటోకు తేదీ, సమయం వాటంతటవే పడతాయి కదా, మళ్లీ రాత ఎందుకని అడగవచ్చు. బలమైన ప్రశ్నే. పైగా వేడుక ఫొటోల్లో సాక్ష్యం ఉంటుంది కూడా. అమెరికాలోని లోవెల్ పట్టణంలో 1868 మే 30న, యుద్ధంలో పోయినవాళ్ల స్మారక దినం నాడు, శ్మశానంలో తీసిన ఫొటోలో చెట్లు మోడుగా ఉన్నాయి. 2005లో అదే రోజున అక్కడే తీస్తే నిండా ఆకులున్నాయి. మనవడి పుట్టినరోజు ఫొటోలో వెనకాల పూసిన మామిడి కూడా రేపు అలా పనికిరావచ్చు. కాకపోతే ఫొటో కంటికి నచ్చినదాన్నే పట్టుకుంటుంది. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనబడే పిల్ల పురుగును ఎవరూ తీయరు, గిల్లి పారేస్తారు. అది సీతాకోకచిలుక పిల్ల. అన్నిటికంటే ముఖ్యం, రాని పిట్టను ఫొటో తీయలేం. ఈ వారమంతా చూసినా కోకిల వినబడలేదన్న మాట రాతలోనే నిలుస్తుంది.

చిన్న ప్రయాణాలు ఈ పుస్తకంలో ఎందుకుండాలో కూడా ఇందులోనే ఉంది. ఊళ్లో లేని నాలుగు రోజులు ఖాళీగా వదిలేస్తే, తర్వాత చదివేవారికి ఆ రోజుల్లో పెరట్లో ఏమీ రాలేదో, చూసేవారే లేరో తెలియదు. ‘ఇంట్లో లేము, విశాఖ వెళ్లాం’ అని రాయడం కూడా ఒక కొలతే. దారిలో చూసినవీ ఎక్కాలి. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచికి వానలతో వచ్చి గూళ్లు కట్టే కొంగల్ని ఏటా పత్రికలు సైబీరియా పక్షులంటాయి. ముక్కు మధ్య సందుతో నత్తల్ని తినే ఆ కొంగలకు సైబీరియాతో ఏ సంబంధమూ లేదు, వాటి నివాసం మన దక్షిణాసియా, ఆగ్నేయాసియాలే. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు ఒక పూట ప్రయాణం. అక్కడ గూడబాతులు ఏ నెలలో గూళ్ల మీదున్నాయో రాసుకొచ్చినవారు ఇలాంటి వార్తను ఊరికే నమ్మరు.

జీవితమంతా ఆఫీసు లెడ్జరు రాసినవారికి మళ్లీ ఇదేం శిక్ష అనేవారున్నారు. వారి విసుగు న్యాయమే, కానీ రోజుకో వాక్యం లెడ్జరు కాదు. అదీ వద్దంటే ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్కింపుకు పావుగంట చాలు, అపార్ట్‌మెంటు బాల్కనీ అయినా సరే. పిట్టల పేర్లు తెలియవన్న భయం నాకు పెద్ద అడ్డంకిగా తోచదు. ‘కాకి కంటే చిన్నది, తోక కింద ఎరుపు’ అని రాసి పేరు చోటు ఖాళీగా ఉంచితే ఎవరైనా తర్వాత నింపుతారు. తెలియకుండా పేరు పెట్టేస్తే దిద్దేవారుండరు. నేను పట్టుబట్టే నియమం ఒక్కటే, చూసింది ఎవరో పక్కన రాయాలి. చాలా ఇళ్లలో తెల్లారి వాకిలి ఊడ్చేటప్పుడు ముందు చూసేది భార్య, సాయంత్రం కళ్లజోడు పెట్టుకుని రాసేది భర్త. పుస్తకం ఆయన పేరుతో మిగులుతుంది. ఇది మర్యాద ప్రశ్న మాత్రమే కాదు. వయసు పైబడ్డాక చెవికి ముందు దూరమయ్యేవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలే. తేనెపిట్టల కీచుమాటలు ఒక ఏటి నుంచి పుస్తకంలో కనబడకపోతే, పిట్టలు మానేశాయో, రాసేవారి చెవులు మొరాయించాయో ఆ పక్కనున్న పేరును బట్టే తేల్చగలం.