క్రొత్త హాలు, పాత వసారా

మా ఊరి కతోలిక దేవాలయం ప్రక్కన క్రొత్త హాలు లేచింది. ప్రారంభోత్సవానికి ఇరుగుపొరుగు వారితో పాటు మా మందిరం వారిని కూడా పిలిచారు. వెళ్ళాము. మోంపేర్ గారు తలుపులు తెరిచి, పవిత్ర జలం చల్లి, కొంచెం ఫ్రెంచిలోను ఎక్కువగా క్రియోల్‌లోను మాట్లాడారు. కేకు తిని, టీ త్రాగి, చాలా బాగున్నదని చెప్పి ఇంటికి వచ్చాము. ఆ తరువాత రెండు పెళ్ళిళ్ళకు, ఒక సంతాప సభకు, ఒక బడి వార్షికోత్సవానికి అదే హాలులో కూర్చున్నాను. బాగున్నది అన్న ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి వచ్చింది.

ఈ పత్రికలో విమర్శ అంటే సాధారణంగా పుస్తకాల మీద, నాటకాల మీద వస్తుంది. ఇటుక, సిమెంటు మీద విమర్శ ఏమిటని కొందరు నవ్వవచ్చును. పుస్తకం నచ్చకపోతే మూసి అలమారలో పెట్టవచ్చు. నచ్చని హాలులో మాత్రం మన పిల్లల పెళ్ళిళ్ళు జరుగుతాయి, మన ముసలివారి సంతాప సభలు జరుగుతాయి. అందుచేత హాలును ఇంకా జాగ్రత్తగా చదవాలి.

చర్చి హాలు సంగతి మనకెందుకు అనేవారికి నా సొంత కారణం ఒకటి చెబుతాను. నేను తెలుగు అక్షరాలు దిద్దినది ఆ స్థలంలోనే. 1979 డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు మూడు రోజుల ముందు, క్లాడెట్ తుఫాను వచ్చింది. మా మందిరం రేకులు లేచిపోయి ఎవరి చెరకు తోటలోనో పడ్డాయి. సాయంకాలం తరగతి పెట్టుకొనే చోటు పోయింది. అప్పుడు విచారణ వారు తమ పాత హాలును వాడుకొమ్మన్నారు. (ఆంధ్రదేశంలో కతోలికులు పర్వాస్‌ను విచారణ అంటారు. మనకు ఆ మాట అలవాటు లేదు గాని మంచి మాట, వాడుకుందాము.) బాడుగ అడగలేదు, కాగితం వ్రాయించుకోలేదు. తాళంచెవి రోడ్డుకు అవతల ఇంట్లో ఒక పెద్దావిడ దగ్గర ఉండేది. ఆమెను మేమందరము తాంతిన్ అనే పిలిచేవాళ్ళము. మా గురువుగారు చక్కెర మిల్లులో పని ముగించుకొని సైకిలు మీద వచ్చేవారు. గోడకు పేర్ లావాల్ పటం ఉండేది. ఆ సంవత్సరమే, ఏప్రిల్ 29వ తేదీన, పోపు రెండవ జాన్ పాల్ ఆయనను ధన్యునిగా ప్రకటించారు. కనుక ఆ పటానికి పూలదండ ఎప్పుడూ వాడేది కాదు. "ఎవరి ఇంట్లో కూర్చున్నారో వారికి ముందు దండం పెట్టండి, తరువాత పలక తీయండి" అనేవారు గురువుగారు. పెట్టేవాళ్ళము. అట్లు నాలుగేండ్లు చదివాను.

ఆ పాత హాలు గొప్ప కట్టడమేమీ కాదు. నడుము ఎత్తు వరకు నల్లరాయి, ఆపైన చెక్క, కప్పు రేకులు. వాన వచ్చిందంటే పాఠం ఆగిపోయేది. గురువుగారు నోరు కదిలిస్తూనే ఉండేవారు, మాకు ఒక్క మాట వినబడేది కాదు. చెదలు పట్టింది, ఒక మూల కుంగింది. పడగొట్టడం తప్పు అని నేను అనను. కాని దానికి రెండు గుణాలున్నాయి. ఆగ్నేయం వైపు పొడుగునా కిటికీలు ఉండేవి. వాటి ముందు చెక్క స్తంభాల వసారా ఉండేది. ఆ రెండూ క్రొత్త హాలుకు లేవు.

క్రొత్తదానిని న్యాయంగా చూడాలంటే మన దీవి చరిత్ర కొంచెం గుర్తు చేసుకోవాలి. 1960లో జనవరిలో అలిక్స్, ఫిబ్రవరి చివర కరోల్ వచ్చాయి. చెక్క ఇండ్లు, రేకుల ఇండ్లు వేలకొద్దీ పోయాయి. పేర్ లావాల్ సమాధి ఉన్న సెంత్‌క్రువాలో పాత దేవాలయం కూడా కరోల్‌లో కూలింది. ఇప్పుడు మనం చూసే దేవాలయం 1964లో, ఆయన మరణించిన నూరవ ఏట కట్టినది. ఆ రెండు తుఫానుల తరువాతనే ఈ దీవి అంతా కాంక్రీటుకు మారింది. మనం కొరింగీలము. ఆ పేరు ఇచ్చిన కొరింగ రేవు 1839 నవంబరు ఉప్పెనలో నాశనమయిన సంగతి చదివిన వారికి తెలుసు. గాలి అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక క్రొత్త హాలుకు మందమైన స్తంభాలు, శ్లాబు, బలమైన తలుపులు పెట్టినందుకు నేను ఆ కమిటీని మెచ్చుకొంటున్నాను. రేపు పెద్ద తుఫాను వస్తే మా వీధివారు పరుగెత్తేది అక్కడికే.

మెచ్చవలసినవి ఇంకా ఉన్నాయి. ముందు మెట్లతో పాటు చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి పెట్టారు. మా మందిరానికి ఈనాటికీ అది లేదు. డబ్బు వచ్చిన తీరు కూడా చూడండి. ఏండ్ల తరబడి ఫాన్సీఫేర్‌లు పెట్టి, కేకులు, అచార్లు, బిర్యానీ పొట్లాలు అమ్మి కూడబెట్టారు. మేమూ కొన్నాము. ఒక ధనికుని పేరు గోడకెక్కలేదు. పేర్ లావాల్ కాలం నుంచి వారికి ఈ అలవాటు ఉన్నది. 1841లో వచ్చిన ఆ వైద్యుడైన ఫాదరీ, బానిసత్వం నుంచి విడుదలయిన వారి మధ్య పని చేస్తూ, ఊరూరా చిన్న చిన్న ప్రార్థనా గృహాలు లేపించారు. రాతి దేవాలయం దొరల ముందువరుసలది, ఈ చిన్న ఇండ్లు వీరివి.

ఇక లోపాలు.

మన దీవికి సంవత్సరంలో ఎక్కువ కాలం ఆగ్నేయం నుంచి గాలి వస్తుంది. ఓడలు దానిని నమ్ముకొని నడిచాయి, మన తాతలు దానికి ఎదురుగా తలుపు పెట్టుకొన్నారు. క్రొత్త హాలులో ఆ ఆగ్నేయపు గోడ మొత్తం మూసివేశారు. దాని వెనుక సామాను గది, మరుగుదొడ్లు పెట్టారు. కిటికీలు రోడ్డు వైపు పడమట ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ వాటిగుండా నేరుగా వస్తుంది. అందుచేత ఏసీ యంత్రాలు పెట్టారు. కమిటీలో ఉన్న ఒక పెద్దాయన, తాపీపని చేసి విశ్రాంతి తీసుకొన్నవారు, నాకు బాగా తెలుసు. ఎందుకిట్లా కట్టారని ఆయనను అడిగాను.

"మిస్యే, గాలి రావాలంటే దొంగా వస్తాడు కదా," అన్నారాయన.

"పాత హాలుకు దొంగ వచ్చాడా?"

"పాత హాలులో ఏమున్నదని వస్తాడు?"

ఆ మాట నిజమే. ఇప్పుడు లోపల స్పీకర్లు, ప్రొజెక్టరు ఉన్నాయి. కాని లెక్క ఇంకొంచెం ముందుకు తీసుకొని వెళ్ళండి. గోడ మూసినందుకు ఏసీ వచ్చింది. ఏసీ వచ్చినందుకు కరెంటు బిల్లు వచ్చింది. బిల్లు కట్టాలి, అప్పు తీరాలి, కనుక గంటకు ఇంత అని బాడుగ వచ్చింది. ఆ బాడుగ పెళ్ళివారు ఇవ్వగలరు, కంపెనీ వారు ఇవ్వగలరు. పదిహేను మంది పిల్లలు, ఒక గురువు ఉన్న తరగతి ఇవ్వలేదు. ఆ హాలులో ఈనాడు తెలుగు తరగతి లేదు. వారి సొంత క్రియోల్ అక్షరాభ్యాస తరగతి కూడా ఒక ఇంటి గరాజులో జరుగుతున్నదని విన్నాను. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. గోడ ఎటు మూయాలన్న ఒక గీత పటంలో పడింది, అంతే.

రెండవది ధ్వని. ఇది ఇంకా బాధాకరం. నున్నటి గోడలు ఎదురెదురుగా ఉన్నాయి, క్రింద టైల్సు, పైన చదునైన శ్లాబు. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు పైన తిరిగి తిరిగి గాని పోలేదు. ఒక పెళ్ళిలో (పిల్ల కతోలికుల అమ్మాయి, అబ్బాయి మనవాడు, ఉదయం మందిరంలో సూత్రం కట్టి సాయంకాలం ఇక్కడ విందు) పిల్ల మేనమామ లేచి రెండు కుటుంబాల స్నేహం గురించి మాట్లాడాడు. కన్నీళ్ళు తుడుచుకొంటూ మాట్లాడాడు. మూడవ వరుస దాటి ఎవరికీ అర్థం కాలేదు. మైకు పెంచితే ఇంకా కలగాపులగమయింది. కాప్ మాలెర్యో దగ్గర ఎర్ర కప్పు దేవాలయం మీరందరూ చూసే ఉంటారు. 1938లో కట్టినది, పెద్దదేమీ కాదు. లోపల చెక్క కప్పు. అక్కడ ఎవరైనా మెల్లగా పాడినా మాట మాటగా వినబడుతుంది. క్రొత్త హాలులో గోడలకు చెక్క పట్టీలు, కప్పు క్రింద ఏదైనా మెత్తని పలకలు కొడితే చాలవరకు బాగుపడుతుంది. ఆ ఖర్చు ప్రొజెక్టరు కన్నా ఎక్కువ కాదనుకొంటాను.

1962 నుంచి 1965 వరకు జరిగిన వాటికన్ మహాసభ తరువాత కతోలికులు లాటిన్ విడిచి ప్రజల భాషలలో పూజ చేసుకొంటున్నారు. మాట అర్థం కావాలని అంత పెద్ద మార్పు చేసినవారు మాట వినబడని హాలు కట్టుకోవడం నాకు ఆశ్చర్యం.

మూడవది వసారా. పటం గీసినవారికి అది వ్యర్థమైన స్థలంగా కనబడి ఉంటుంది. కాని హాలుకు వచ్చే వారిలో సగం మంది లోపలికి రారు. సంతాప సభకు వచ్చిన మగవారు బయట నిలబడి మాట్లాడుకొంటారు. పసిపిల్ల ఏడిస్తే తల్లి ఎత్తుకొని వసారాలోకి వస్తుంది. వేరే మతం వాడు, లోపలికి వెళ్ళవచ్చునో లేదో తెలియనివాడు, అక్కడే కూర్చుంటాడు. మా అమ్మ నాలుగేండ్లు నన్ను తరగతికి దింపి వసారాలోనే కూర్చున్నది. తాంతిన్ వచ్చి ప్రక్కన కూర్చునేది. ఇద్దరూ బియ్యం ఏరుకొంటూ మాట్లాడుకొనేవారు. క్రొత్త హాలు తలుపు దాటితే లోపల ఉన్నట్లు, దాటకపోతే కార్ల మధ్య ఉన్నట్లు.

మన దీవిలో అన్ని జాతులవారు కలిసి కట్టే కట్టడం ఒకటే ఉన్నది, అది లసాల్‌వెర్. వెదురు గడలు, ఆకులు, ఈ మధ్య టార్పాలిన్, ఇనుప గొట్టాలు. పెళ్ళికి గాని చావుకు గాని ఇరుగుపొరుగు వచ్చి సాయంత్రంలో వేసి, పని అయిన తరువాత విప్పేస్తారు. మన భాషలో పందిరి. నాలుగు వైపులా గాలి, పెరటిలో కట్టెల పొయ్యి, గుండిగలు, అరటాకుల మీద ఏడు కూరలు. తుఫానుకు నిలవదు, నిజమే. కాని హాలు కట్టేవారు దానిని ఒకసారి చూసి పటం గీయవచ్చును కదా! క్రొత్త హాలు వంటగదిలో గుండిగ పట్టే తలుపు కూడా లేదు. వడ్డించేవారు కేటరింగు డబ్బాలు తెచ్చి అక్కడ తెరుస్తున్నారు.

ఇంత వ్రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. మా మందిరం కమిటీ కూడా ఒక హాలు కట్టాలని నిర్ణయించింది. సంతోషమే. అయితే విచారణ హాలు చూసి ముచ్చటపడి, అదే పటాన్ని కొంచెం తిప్పి తీసుకొంటామంటున్నారు. గోపురం బొమ్మ ఒకటి ముందు అతికిస్తారట. అదే మూసిన గోడ, అవే టైల్సు, నాలుగు అడుగుల ఎత్తు వేదిక. వేదిక సంగతి ప్రత్యేకంగా అడగాలని ఉన్నది. రామభజనలో నడుమ దీపం పెట్టి చుట్టూ తిరిగి పాడుతాము. దానికి వేదిక ఎందుకు? పాడేవారిని పైన నిలబెట్టి మిగిలిన వారిని కుర్చీలలో కూర్చోబెడితే అది భజనా, కచేరీనా? తెల్లవారే వరకు పాడిన మన తాతలకు కుర్చీలు లేవు, కాళ్ళు ఉన్నాయి.

అధ్యక్షులవారికి నా మాట కోపం తెప్పించవచ్చును. ఆయన నా కన్నా పెద్దవారు, నాకు బావగారి వరుస. రెండేండ్లుగా చందాల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ఆయన శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కాని పునాది తీయకముందు ఒక పెన్సిలు గీతతో మారేది, తరువాత లక్షల రూపాయలకు గాని మారదు. శ్లాబు, స్తంభాలు అట్లే ఉండనివ్వండి. ఆగ్నేయం వైపు గోడ తెరిచి తుఫాను తలుపులు పెట్టండి. దాని ముందు ఎనిమిది అడుగుల వసారా వేయండి. నేల నడుమ చదునుగా వదలండి. తాళంచెవి ఎదురింటి వారి దగ్గర ఉంచండి.

వచ్చే నెల సభ్యుల సమావేశంలో పటం బల్ల మీద పెడతామని కార్యదర్శి గారు చెప్పారు. విచారణ వారి పెద్దాయనను, ఆ తాపీమేస్త్రిని, నాతో తీసుకొని రావచ్చునా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. ఆయన మాత్రం తన కొలటేపు తెస్తానన్నారు.