వావి పదాలు: మోర్గాన్ పట్టిక, బేరిగై వాడుక

మోర్గాన్ 1871లో ప్రచురించిన గ్రంథంలో తమిళ, కన్నడాలతోపాటు తెలుగు వావి పదాలనూ పట్టికకెక్కించాడు. పెదనాన్న, చిన్నాన్నలను తండ్రి వరుసలో నిలిపి మేనమామను వేరుచేసే పద్ధతిని గుర్తించడం ఆయన ఘనత. ఆ పదాలను గతించిన వివాహదశల అవశేషాలుగా చదవడం లోపమని మా అభిప్రాయం. మేనమామ, మేనత్త భర్త, భార్య తండ్రి ముగ్గురూ 'మామ' కావడానికి మేనరికమే చాలు. 1981లో ట్రాట్‌మన్ ఈ వ్యవస్థను మేనరికపు నియమంతోనే వివరించాడు.

హోసూరు దగ్గరి బేరిగై వంటి సరిహద్దు ఊళ్లలో ఇది స్పష్టం. మన మామ, అత్త తమిళంలో మామా, అత్తై. కన్నడంలో మావ, అత్తె. పదం మారినా చట్రం ఒకటే. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి కావడం తెలుగు చదువుకు దెబ్బే గాని, వావి వరుసలకు కాదు. వాటిని చెరిపేది చిన్నాన్ననూ మామనూ ఒకటిచేసే 'అంకుల్'. విద్యార్థులు తమ ఇంటి వావి పదాలను ఇప్పుడే రాసిపెట్టుకోవాలని మా మనవి.